మిగిలిన సగం డబ్బా

చిన్నగొట్టిగల్లు,
4 ఆగస్టు 2024

తమ్ముడు మోహనకు,

మూడు రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. నిన్న మధ్యాహ్నం కాస్త తెరిపి ఇస్తే నలుగురం చెనక్కాయ చేలో కలుపు తీయడానికి దిగాం. రెండు సాళ్ళు తీసేసరికి మళ్ళీ తుంపర మొదలైంది. తడి నేలలో గడ్డి వేళ్ళతో సహా వస్తుంది, ఆగితే మళ్ళీ గట్టిపడుతుందని తడుస్తూనే తీశాం. ఇంటికి వచ్చి పాలు పితికి కేంద్రంలో పోసి, మీ బావకు అన్నం పెట్టేసరికి దీపాలు పెట్టే వేళయింది.

మీ బావకు పుత్తూరులో ఎముకల కట్టు వేయించి ఇంటికి తెచ్చి పది రోజులు దాటింది. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. కట్టు బాగా కుదిరిందని, కాలు కదపకుండా పడుకోవాలని చెప్పి పంపారు. మళ్ళీ కట్టు మార్చడానికి వచ్చే వారం తీసుకుపోవాలి. నువ్వు పుత్తూరికి వచ్చి, బత్తాయిలు మంచం కింద పెట్టి, పది నిమిషాలు నిలబడి వెళ్ళిపోయావు. నలుగురిలో నీకు మాట రాదని తెలుసు కాబట్టి నేనేమీ అనుకోలేదు. ఫోనులోనూ అంతే. నువ్వు ఒక మాట పూర్తి చేసేలోపు అవతల నాకు ఏడుపు వస్తుంది. అందుకే ఎప్పటిలాగా కాగితం పెట్టుకున్నాను. కాగితం మీద నీకు నత్తి లేదు.

అసలు సంగతి చెబుతాను. మీ బావ ఆ రోజు తాగి మోటారు సైకిలు నడిపాడని ఊరంతా అంటున్నారు. ఆయన మానేసి ఏడేళ్ళయింది. మానేశాకే కదా బడి బస్సు తోలే పని ఇచ్చారు. కానీ తాగే రోజుల్లో ఆయన చెప్పిన మాటలు ఎవరూ మరిచిపోలేదు. సైకిలు మీద నుంచి పడితే చైను తెగిందనేవాడు. కాలువలో పడితే లైటు ఆరిపోయిందనేవాడు. ఇప్పుడు ఘాటు రోడ్డులో పడి ఏమంటున్నాడో విను.

“చెరకు ట్రాక్టరును దాటుదామని పక్కకు తీసినా. యాక్సిలేటరు తిప్పితే బండి అరస్తాది గానీ ముందరకు పోదు. ఎదురుగా బస్సు. యాడికి పోయేది? కాలవలోకి తోసేసినా.”

అరిచే బండి ముందుకు ఎందుకు పోదు? నాకు అర్థం కాలేదు. బడి కరస్పాండెంట్ మనిషిని పంపి కనుక్కున్నాడు. కాలు బాగయ్యేదాకా వేరే డ్రైవరును పెట్టుకుంటామని, ఆ తర్వాత తీసుకునేదీ లేనిదీ ఈ తాగుడు మాట తేలాకేనని చెప్పించాడు. ఇరవై ఎనిమిది మంది పిల్లలు ఎక్కే బస్సు. మన హంసిని కూడా దాంట్లోనే పోతుంది. తొమ్మిదో తరగతి పిల్ల, పక్క సీటు పిల్లలు ఏదో అన్నారని రెండు రోజులు బడికి పోలేదు.

ఆయన పొద్దున ఎనిమిదికి ఇంట్లో బయలుదేరాడు. నాలుగు గంటలకు ఘాటులో పడ్డాడు. మూడు దాకా తిరుపతిలో నీ మెకానిక్ అంగడిలోనే ఉన్నానంటాడు. నీ దగ్గర నుంచి ఆయన పడిన చోటుకు గంట ప్రయాణం, కాబట్టి సరిపోతుంది. నువ్వు ఒక్క మాట రాస్తే నేను ఆ కాగితం పట్టుకుని ఎవరి ముందుకైనా పోతాను. ఆ రోజు నీ దగ్గర నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాడు?

అక్క,
భారతమ్మ


తిరుపతి, కొర్లగుంట,
9 ఆగస్టు

అక్కకు,

ఇక్కడ వాన లేదు. మబ్బు మాత్రం పట్టి ఉక్కగా ఉంది. కొండ మీద పనిచేసేవాళ్ళ బళ్ళు ఈ వారం ఎక్కువగా వచ్చాయి. ఘాటు దిగి దిగి బ్రేకు లైనర్లు అరిగిపోతాయి. అవి మార్చడంతోనే సరిపోయింది.

ఆ రోజు బావ పది గంటలకు వచ్చాడు. నువ్వు పంపిన మునక్కాయలు ఇచ్చాడు. కాసేపు మాట్లాడుకున్నాం. టిఫిను తిన్నాడు. పదకొండున్నరకు బయలుదేరాడు. బండికి నేనేమీ చేయలేదు. చక్రాల్లో గాలి మాత్రం చూశాను.

బావను ఏమీ అనకు. నొప్పిలో ఉన్న మనిషి.

మోహన


చిన్నగొట్టిగల్లు,
18 ఆగస్టు

తమ్ముడికి,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. పశువుల పాకలో నిలబడి చదివాను. పదకొండున్నర అన్న చోట వేలు పెట్టి మళ్ళీ చదివాను. తర్వాత లోపలికి పోయి ఏమీ తెలియనట్టు అడిగాను.

“మోహన దగ్గర్నించి ఎన్ని గంటలకు బయల్దేరినావు?”

“ఎన్నిసార్లు చెప్పేది? మూడు.”

“అంతసేపు యాం జేస్తా ఉండినావు?”

“నేనేం జేస్తా ఉండినా! వాడు బండి పెట్టుకోని కూసున్నాడు. ఇంజిన్లో ఏందో ఎర్ర డబ్బా పోసి కడిగినాడు. లోపలంతా మడ్డి పట్టిందంట. వద్దప్పా, బాగానే ఉండాది గదా అంటే ఇన్లా.”

ఇంజిన్ను లోపల కడుగుతారని నేను ఎప్పుడూ వినలేదు. ఆ మాట ఆయన ముందే ఊళ్ళో చెప్పినట్టున్నాడు. టీ కొట్టు దగ్గర దాని మీద నవ్వుకుంటున్నారు. “బాలచంద్ర బండికి విరేచనాలకు పోసినారంట. అందుకే ఎక్కలేక పడిపోయింది పాపం” అని. నేను పాల క్యానుతో పోతుంటే వినపడేలాగే అన్నారు.

నేను నీ ఉత్తరం చూపించాను. ఆయన మంచం మీదే లేచి కూర్చుని రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతికి ఇచ్చాడు. తిట్టలేదు. “మతికి రాలేదేమో వానికి” అన్నాడు. ఇంకాసేపటికి, “పంకజాక్షిని అడుగు. నేను బయల్దేరేటప్పుడు ఆయమ్మ కాపీ కలిపి ఇచ్చింది” అన్నాడు.

నేను అడగలేదు. నా తమ్ముడు చేత్తో రాసి ఇచ్చాక, ఆ మాట నిజమో కాదో చెప్పమని వాడి పెళ్ళాన్ని సాక్ష్యం అడగనా? మన ఇంట్లో అలాంటి అలవాటు లేదు. నీకు అబద్ధం చెప్పాలంటే నోరు తిరగదని అమ్మ ఎప్పుడూ అనేది. ఆ మాటే ఆయనకు చెప్పాను. “నా తమ్మునికి అబద్ధం రాదు. నీకు వచ్చు” అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పదకొండున్నరకు బయలుదేరినవాడు నాలుగు గంటలకు ఘాటులో ఉన్నాడు. మధ్యలో మూడున్నర గంటలు ఎక్కడున్నాడు? దారిలో ఎన్ని దుకాణాలున్నాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

మరుసటి రోజు పొద్దున ఆయనే అన్నాడు. “బండి మోహన కాడికి పంపీ. విప్పి సూడమను. వాడు సూస్తే తెలుస్తాది. బండి సంగతి వానికంటే తెలిసినోడు లేడు.” టమోటాల వ్యాను తోలే రామచంద్ర రేపు తిరుపతికి వస్తున్నాడు. బండి అతని వ్యానులో వేసి పంపుతున్నాను. నువ్వు చూసి ఏముంటే అది రాయి. బండిలో లోపం ఉంటే ఆయన కాళ్ళు పట్టుకుంటాను. లేకపోతే ఇక నేను ఎవరికీ జవాబు చెప్పలేను.

భారతమ్మ


తిరుపతి,
27 ఆగస్టు

అక్కకు,

నిన్న సాయంత్రం పెద్ద వాన పడింది. అంగడి ముందు మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. పని సగంలో ఆపి బళ్ళన్నీ లోపలికి తోశాను.

బావ బండి వచ్చింది. చూశాను. ముందు ఫోర్కు వంగింది. హ్యాండిలు, కుడి వైపు ఫుట్‌రెస్టు, హెడ్‌లైటు పోయాయి. ట్యాంకు సొట్ట పడింది. ఇవన్నీ పడ్డప్పుడు అయినవే. ఫోర్కు కొత్తది వేస్తాను. ముందు టైరు కూడా మారుస్తాను, అరిగింది. ట్యాంకు సొట్ట తీయించి రంగు వేయిస్తాను. చైను, స్ప్రాకెట్టు కూడా చూస్తాను. బావ ఏమీ ఇవ్వనక్కరలేదు.

ఇంజిన్ స్టార్టయింది. బాగానే ఆడుతోంది. లోపల తేడా ఏమీ కనిపించలేదు.

బావను ఒక్కసారికి క్షమించు అక్కా. మనిషి ఏడేళ్ళు నిగ్రహంగా ఉన్నాడు. ఎవరికైనా ఒక రోజు తప్పు జరుగుతుంది. హంసినికి పరీక్షలు దగ్గర పడుతున్నాయేమో, చదువు మీద దృష్టి పెట్టమను.

రామచంద్ర వ్యానులో బావకు మర్దన నూనె, ఒక ఊతకర్ర పంపాను.

మోహన


చిన్నగొట్టిగల్లు,
5 సెప్టెంబరు

మోహనకు,

నేను ఒక పని చేశాను. మంచిదనుకుని చేశాను.

నీ ఉత్తరం వచ్చాక మీ బావతో చెప్పాను, బండిలో ఏమీ లేదంట, ఇక దాచి లాభం లేదు, పోయి ఒప్పుకుందాం అని. “చేయని దానికి యాల ఒప్పుకోవాల?” అన్నాడు. నాకు చిన్నప్పటి సంగతి మనసులో మెదిలింది. మన నాయన తప్పు దాచినవాణ్ణి కొట్టేవాడు, ఒప్పుకున్నవాణ్ణి ఏమీ అనేవాడు కాదు. నువ్వు ఎద్దును చెరకు తోటలోకి వదిలి, ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టినా నాయన పలుగు కింద పెట్టి నిలబడి విన్నాడు. చివర్లో భుజం తట్టి పొమ్మన్నాడు. పెద్దమనుషులందరూ అలాగే ఉంటారనుకున్నాను.

సోమవారం ఆయనకు చెప్పకుండా బడికి పోయాను. కరస్పాండెంట్ కూర్చోమన్నాడు.

“అమ్మా, ఇది పిల్లల బండి. తాగలేదని ఆయన అంటాడు. తాగినాడని ఊరంటాది. నేను ఎవురి మాట ఇనేది?”

“తాగినాడు సార్. ఏడేండ్లలో ఒక్కసారి. మీ బస్సు తోలేటప్పుడు కాదు, ఆదివారం. ఈ ఒక్కసారికి మన్నించండి.”

“మీరు సూసినారా?”

“నా తమ్ముడు రాసినాడు సార్. వాడు అబద్ధం చెప్పడు.”

ఆయన గుమాస్తాను పిలిచాడు. తిట్టలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. నేను చెప్పింది ఒక కాగితం మీద రాయించి చదివి వినిపించాడు. కింద సంతకం పెట్టమన్నాడు. క్షమించడానికేనేమో అనుకుని పెట్టాను. అప్పుడు చెప్పాడు. “భార్యే ఒప్పుకున్నాక నేను తల్లిదండ్రులకు ఏం చెప్పేదమ్మా? ఆయన కాడుండే బస్సు తాళం రేపు పంపీండి.”

తాళం హంసిని చేత పంపాం. అది సంచిలో వేసుకుని ఆ బస్సే ఎక్కి పోయింది.

మీ బావ నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేను పెట్టిన అన్నం తింటాడు, కంచం పక్కకు జరుపుతాడు. హంసినితో మాట్లాడతాడు. నాతో లేదు. తాగినవాడికి ఇంత పౌరుషం ఏమిటని ఒక పూట అనిపిస్తుంది. ఇంకో పూట, వంట చేస్తూ ఉండగా, నేను ఏం చేశానో నాకే తెలియడం లేదు. నేను ఎవరి మీద సంతకం పెట్టానో ఒక్కసారి ఆలోచించి చెప్పు. నీకు ఇంకేమైనా తెలిస్తే రాయి.

భారతమ్మ


తిరుపతి,
13 సెప్టెంబరు

అక్కా,

బావ నా దగ్గర నుంచి బయలుదేరింది మూడు గంటలకు. తాగలేదు. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజం. అబద్ధం నాది.

మొదటి నుంచి రాస్తాను. జూన్ నెలాఖరులో ఒక ఏజెంటు వచ్చి, ఇంజిన్ లోపలి మడ్డిని కరిగించే క్లీనర్ అని ఎర్ర డబ్బాలు ఆరు ఇచ్చి పోయాడు. కార్లకు చేసింది. ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిల్లో పోసి, బండిని కదపకుండా పది నిమిషాలు ఆడించి, మొత్తం దించేసి కొత్త ఆయిల్ పోయాలి. క్లీనర్ లోపల మిగలకూడదు. డబ్బా మీద రాసే ఉంది. నేను చదివాను.

బావ వచ్చిన రోజు అదంతా సరిగ్గానే చేశాను. ఆయన వద్దన్నాడు. “ఘాటు ఎక్కేటప్పుడు చూడు, కొత్త బండిలాగా పోతుంది” అని నేనే పట్టుబట్టాను. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో. ఆయిల్ దించితే తారులాగా వచ్చింది. “ఇంత మడ్డి పెట్టుకోని తిరగతా ఉండినానా?” అని బావ వంగి చూశాడు. నాకు గర్వంగా అనిపించింది. అక్క మొగుడు ఇంటికి వస్తే ఒక పంచె పెట్టి పంపాలి. నేను నా పని పెట్టి పంపుతున్నాననుకున్నాను.

కొత్త ఆయిల్ పోశాక డబ్బాలో సగం మిగిలింది. పెట్రోలులో కలిపే క్లీనర్ వేరే ఉంటుంది. అది ట్యాంకులో వదిలేసినా ఏమీ కాదు, పెట్రోలుతో పాటు కాలిపోతుంది. ఇది అలాంటిది కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నాకు తెలియక కాదు. అయినా ఆ మిగిలింది కొత్త ఆయిల్లోనే పోశాను. దూరం పోయే బండి, లోపల ఇంకా కొంచెం శుభ్రం చేస్తూ ఉంటుందిలే అనుకున్నాను. అంతకు ముందు వారం మరో ముగ్గురి బళ్ళకు అలాగే మిగిలింది పోశాను. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి మంచిదే అనుకున్నాను.

కారులో క్లచ్ వేరే చోట పొడిగా ఉంటుంది. బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. ఆ ఆయిల్ పలచనై జారుడుగా మారితే ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవు. ఇంజిన్ తిరుగుతుంది, ఆ బలం చక్రానికి అందదు. ఊళ్ళో తిప్పితే తెలియదు. బాగా వేడెక్కి, ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. బండి అరిచింది గానీ పోలేదని బావ చెప్పాడే, మెకానిక్కు కూడా అంతకంటే సరిగ్గా చెప్పలేడు.

నాకు ఎప్పుడు తెలిసిందో కూడా చెప్పాలి. బావ పడిన మూడో రోజు, మంగళవారం. కొండ మీద సత్రాల ఆఫీసులో పనిచేసే యతిరాజులు బండి తోసుకుంటూ వచ్చాడు. ఆ ముగ్గురిలో ఆయన ఒకడు.

“ఏమప్పా మోహనా, ఏం సర్వీసప్పా ఇది! అలిపిరి దాటినాక ఎద్దు రంకేసినట్ల అరస్తాది, జరగదు. ఎనకాల బస్సు డ్రైవరు దిగొచ్చి నాకు దండం పెట్టినాడు. సామీ, నీకు దండం పెడతా పక్కకు పో, నా ఎనకాల యాభై మంది భక్తులు ఉండారు అని!”

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నాకు విషయం అర్థమైంది. అప్పటికప్పుడు ఆయన బండి ఆయిల్ దించి, ప్లేట్లు మార్చాను. మిగిలిన ఇద్దరికీ ఫోన్ చేయించి బళ్ళు తెప్పించి వాళ్ళకూ మార్చాను. ఊరికే చేస్తున్నానని సంతోషించారు. ఒకాయన పెరుమాళ్ళ ప్రసాదం తెచ్చి ఇచ్చాడు. తిన్నాను.

మరునాడు పుత్తూరికి వచ్చింది చెబుదామనే. మంచం పక్కన నిలబడి నోరు తెరిచాను. “బ” దగ్గర ఆగిపోయింది. బావ ఎప్పుడూ నా మాట అందుకుని పూర్తి చేయడు, వచ్చేదాకా చూస్తాడు. ఆ రోజు మాత్రం నేను ఆయన కోసం బాధపడుతున్నాననుకున్నాడు. “నాకేం కాలేదు లేప్పా. అంగడి మూసుకోని యాల వస్తివి, పో” అన్నాడు. పొమ్మన్నాడు కదా అని వచ్చేశాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. మూడు అని రాస్తే అంతసేపు ఏం చేశావని అడుగుతావు. డబ్బా సంగతి బయటికి వస్తుంది. నా అంగడి నిలబడింది ఘాటు ఎక్కి దిగే మనుషుల నమ్మకం మీద. అందుకని పదకొండున్నర అని రాశాను. బావ మీద తాగుడు పడుతుందని ఆ నిమిషంలో ఆలోచించలేదు. ఇది కూడా పూర్తి నిజం కాదు. ఆలోచన వచ్చింది. ఆ పక్కకు పోలేదు.

బండి పంపినప్పుడు విప్పాను. క్లచ్ ప్లేట్లు మాడిపోయి ఉన్నాయి. ఉక్కు ప్లేట్లు నీలం రంగుకు తిరిగాయి. అవి చూసి, చేతులు కడుక్కుని, తేడా ఏమీ కనిపించలేదని నీకు రాశాను. నోటితో అయితే నేను ఆ మాట చెప్పగలిగేవాణ్ణి కాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

నీ చివరి ఉత్తరం నేను చదివి ఊరికే ఉన్నాను. అలా ఒక రోజు గడిచింది. పంకజాక్షి అది తీసి చదివింది. అంగడిలోకి వచ్చి, మనుషులు ఉన్నారని కూడా చూడలేదు.

“మూడు గంటలకు కాపీ ఇచ్చింది నేను. గ్లాసు కడిగింది నేను. పదకొండున్నరకే పోయినోనికి మూడింటికి కాపీ ఎట్ల ఇచ్చినా? దయ్యానికి ఇచ్చినానా?”

నేను చెప్పబోయాను. రాలేదు.

“మీకు నోరు తిరగదని పద్దెనిమిది ఏండ్లు జాలి పడినా. చెయ్యి మాత్రం బాగానే తిరగతాది.”

మాడిన ప్లేట్లు గుడ్డలో కట్టి ఈ ఉత్తరంతో రామచంద్రకు ఇస్తున్నాను. కరస్పాండెంటుకు చూపించు. ఆయన ఎవరైనా మెకానిక్కును పిలిచి అడిగితే నిమిషంలో చెబుతాడు. ఉత్తరం కూడా చూపించు. ఆదివారం నేను వస్తాను. ముందు బావకు, తర్వాత ఆయనకు నోటితో చెబుతాను. ఎంతసేపు పట్టినా చెబుతాను.

మోహన


చిన్నగొట్టిగల్లు,
25 సెప్టెంబరు

మోహనకు,

నువ్వు ఆదివారం వచ్చి వెళ్ళిన తర్వాత జరిగింది రాస్తున్నాను. నువ్వు ఉండగా జరిగింది నీకు తెలుసు. అరగంట పట్టింది నీకు. మీ బావ కట్టు కాలు స్టూలు మీద పెట్టుకుని నీ ముఖం వైపే చూస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట కూడా అందించలేదు. “సరేప్పా. ఇంక ఆ డబ్బా ఎవురి బండికీ పోయొద్దు” అన్నాడు. అంతే. నువ్వు ఏడ్చావు. నేను వంటింట్లో ఉన్నాను. బయటికి రావడానికి నాకు ముఖం లేదు.

నీ ఉత్తరం రామచంద్ర తెచ్చి ఇచ్చిన రోజు నేనే చదివి వినిపించాను. చదవకుండా ఆయన చేతికి ఇవ్వవచ్చు. కానీ నా నోటితోనే చదవాలనిపించింది. మధ్యలో ఎక్కడా ఆపమనలేదు. అయిపోయాక, “ప్లేట్లు యాడ?” అని అడిగాడు. ఇచ్చాను. ఒక్కొక్కటే తిప్పి చూసి, గుడ్డలో పెట్టి కట్టేశాడు.

సోమవారం కరస్పాండెంట్ దగ్గరికి పోయాను. నువ్వు ఆదివారం ఆయన ఇంటికి పోయి చెప్పి వచ్చావు కాబట్టి ఆయన నన్ను ఏమీ అడగలేదు. బడి బస్సు మెకానిక్కును ముందే పిలిపించి ఉంచాడు. ప్లేట్లు అతని చేతిలో పెట్టగానే, “ఇవి కాలిపోయినాయి సార్. ఈ బండి ఎత్తెక్కదు” అన్నాడు. కరస్పాండెంట్ నేను సంతకం పెట్టిన కాగితం తీయించి నా ఎదురుగానే చించేశాడు. దసరా సెలవుల తర్వాత కాలు కుదిరితే పనిలోకి రమ్మన్నాడు. “ఆయనకు నా మాటగా చెప్పండమ్మా, పొరబాటు పడినామని” అన్నాడు.

ఇంటి దాకా వేగంగా నడిచి వచ్చాను. దారిలో టీ కొట్టు దగ్గర ఆగి, అక్కడ కూర్చున్నవాళ్ళకు కూడా చెప్పాను, ఆయన తాగలేదు, తప్పు నా తమ్ముడిది అని. ఒకడు, “మేము అప్పుడే అనుకుంటిమి మే” అన్నాడు. సిగ్గు లేని మనుషులు. నాకంటే ఎక్కువ కాదు.

ఇంటికి వచ్చి అంతా చెప్పాను. మీ బావ వాకిట్లో ఊతకర్ర పట్టుకుని నడక సాధన చేస్తున్నాడు. విన్నాడు. మళ్ళీ ఆ చివరి దాకా నడిచి, తిరిగి వచ్చి, ప్లేట్లు అడిగింది తప్పిస్తే, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

“మోహన భయపడినాడు. భయపడినోడు అబద్ధం చెప్తాడు. అది నాకు తెలుసు, నేనూ చెప్పినా ఒకప్పుడు. నువ్వు యాల భయపడితివి మే?”

నేను జవాబు వెతికాను. ఊరికి భయపడ్డాననో, హంసిని చదువు కోసం భయపడ్డాననో చెప్పవచ్చు. కానీ నేను దేనికీ భయపడలేదు మోహనా. ఆయన తాగి ఉంటాడని నమ్మాను. నీ ఉత్తరం రాకముందే సగం నమ్మాను. నువ్వు రాసింది మిగిలిన సగానికి సరిపోయింది. పంకజాక్షిని అడగమన్నప్పుడు అడగకపోయింది మర్యాద కోసం కాదు. అడగాల్సిన పని లేదనుకున్నాను. ఇవేవీ ఆయనకు చెప్పలేదు. తల వంచుకుని నిలబడ్డాను. ఆయన నేను చెప్పేదాకా చూస్తాడేమో అనుకున్నాను. చూశాడు. తర్వాత లోపలికి పోయాడు.

“బస్సు?” అని సాయంత్రం అడిగాను.

“ఇంకొకరు తోలతా ఉండారు గదా. తోలనీ” అన్నాడు.

రామచంద్ర తమ్ముడు కోలారు మార్కెట్లో టమోటా మండీలో ఉన్నాడు. కూర్చుని చీటీలు రాసే పని ఉందని ఇదివరకే కబురు చేశాడట. ఈ సంగతి హంసినికి తెలుసు, నాకు తెలియదు. రెండు చొక్కాలు, ఒక లుంగీ, పుత్తూరు మందు సీసా హంసినే సంచిలో సర్దింది. ఎన్నాళ్ళకు వస్తాడో ఆ పిల్లను అడిగాను. “నాయన చెప్పలే” అంది.

బండి బాగు చేయించి పంపుతానన్నావు. ఇప్పుడు పంపవద్దు. నీ దగ్గరే ఉంచు.

మీ బావ నిన్న, మంగళవారం, పొద్దున ఆరుంబావు పీలేరు బస్సుకు కోలారు వెళ్ళిపోయాడు.

భారతమ్మ